అత్తగారి పీహెచ్‌పీ

బస్సు టికెట్లమ్మే కంపెనీలో కోడలికి అప్పగించిన మొదటి పని, అత్తగారు రాసిన వెబ్‌సైటును తీసేసి కొత్తది రాయడం. దాన్ని రాసిందెవరో మేనేజరుకు తెలియదు. కోడలికి తెలుసు.

అత్తగారు దాన్ని పీహెచ్‌పీలో రాశారు. వెబ్ పేజీల కోసమే పుట్టిన భాష అది. దాని పని అయిపోయిందని ఏటా ఎవరో ఒకరు ప్రకటిస్తుంటారు. ఆ ప్రకటన వెలువడిన సైటు కూడా చాలాసార్లు దానిమీదే నడుస్తుంటుంది.

ఇంట్లో ఈ మాట ఎత్తడానికి కోడలికి చాలాకాలం నోరు రాలేదు. చివరికి గిన్నెలు తుడుస్తూ చెప్పేసింది.

"అత్తయ్యా, మీ సైటు తీసేయమన్నారు. నన్నే."

అత్తగారు గరిటె కింద పెట్టారు. "ఎప్పటికవుతుంది?"

"మీకు బాధగా లేదా?"

"బాధేంటే! రిటైరైనా నా ప్రాణాలు తోడేస్తున్నారు. మొన్న పళ్ల డాక్టరు ముందు నోరు తెరుచుకుని కూర్చుంటే ఫోను, సైటు తెరుచుకోవట్లేదని. త్వరగా కానిచ్చెయ్, నీకు పుణ్యముంటుంది."

కోడలు ఉత్సాహంగా మొదలుపెట్టింది. కొత్త సైటు ముచ్చటగా వచ్చింది గానీ, టికెట్ ధర దగ్గర బండి ఆగిపోయింది. పిల్లలకెంత, తిరుగు ప్రయాణానికెంత, దారిలో బస్సు మారితే ఎంత, ఈ లెక్కలన్నీ పాత సైటులో తప్ప కంపెనీలో ఇంకెక్కడా లేవు. అత్తగారినే అడిగింది.

"కంపెనీ పెద్దాయన మాట మార్చినప్పుడల్లా మార్చుకుంటూ పోయాను. ఇప్పుడు గుర్తుండమంటే ఎలా?"

"అయితే పైన నాది, లోపల మీది. ధరలు మీ దాన్నే అడిగి చెప్పేలా పెడతాను."

"అంటే అది చావదా?"

"ఇప్పట్లో చావదు అత్తయ్యా."

అత్తగారికి ఏడుపొక్కటే తక్కువ.

కొత్త సైటు తెరిచిన రోజున మేనేజరు అందరి ముందూ, "పాతదానికి నీళ్లొదిలేశాం" అన్నాడు. కోడలు చప్పట్లు కొట్టింది. తర్వాత సీటుకు వెళ్లి, ఇబ్బంది వస్తే పిలవాల్సిన నంబరుగా ఉన్న అత్తగారి నంబరు తీసేసి తనది పెట్టింది.

ఆ ఆదివారం అత్తగారు మధ్యాహ్నమంతా ఒళ్లు తెలియకుండా నిద్రపోయారు. లేచేసరికి కోడలు భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కుస్తీ పడుతోంది.

"ఏం చేస్తున్నావే?"

"పీహెచ్‌పీ నేర్చుకుంటున్నా. కొత్త వర్షన్‌లో చాలా మారిందట."

"ఏం మారిందట?" అంటూ అత్తగారు కళ్లజోడు వెతుక్కున్నారు. "కాస్త జరుగు."