కోత పండుగలో పిస్తోలు

క్యారీ ఊళ్ళో కృపావరం చేసే పని తెలిసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకడు తాకట్టు కొట్టు నడిపే ముసలాయన. రెండోది షెరీఫ్ ఆఫీసు కిటికీ వెనక కూర్చునే ఆవిడ. నార్త్ కరోలినాలో ఎంత చవకబారు పిస్తోలు కొనాలన్నా ముందు షెరీఫ్ దగ్గర పర్మిట్ తీసుకోవాలి. అతను కిటికీ దగ్గరికి రాగానే ఆవిడ "మళ్ళీ వచ్చావా డాక్టర్!" అని నవ్వేది. కృపావరం డాక్టరు కాడు, మందుల కంపెనీ లాబ్‌లో కెమిస్టు. అయినా సరిదిద్దలేదు. తనని చూసి మొహం విప్పార్చుకునే మనిషి ఆవిడొక్కతే, ఏమని పిలిస్తేనేం!

భార్య లూసీ రెండేళ్ళ కిందట వెళ్ళిపోయింది. చచ్చిపోలేదు, వెళ్ళిపోయింది. డెట్రాయిట్‌లో ఉన్న అక్కని చూసొస్తానని వెళ్ళి, అక్కడే ఉద్యోగం వెతుక్కుని, అక్కణ్ణించే విడాకులు అడిగింది. అదే చచ్చిపోయి ఉంటే తెలుగు సంఘం కూరగిన్నెలు పట్టుకుని గుమ్మం ముందు బారులు తీరేది. చావు వస్తే ఏం చెయ్యాలో మనవాళ్ళకి చక్కగా తెలుసు. విడాకులొస్తే ఏం చెయ్యాలో తెలియదు. తెలియక, ఏమీ చెయ్యలేదు. అతన్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, భోజనానికి పిలవడం మాత్రం మానేశారు. పిలుపులన్నీ ఆడవాళ్ళ ఫోన్ల మీద నడిచేవి, ఆ ఇంట్లో ఫోనెత్తే ఆడమనిషి లేదు. అంతే సంగతి.

తోచీ తోచనమ్మ తోటికోడలి పుట్టింటికి వెళ్ళిందని సామెత. కృపావరానికి తోటికోడలు లేదు గనక తాకట్టు కొట్టుకి వెళ్ళాడు. గడ్డి కోసే మిషను కొందామని వెళ్ళినవాడు గాజు అల్మరా అడుగు అరలో పడున్న పిస్తోలు దగ్గర ఆగిపోయాడు. పైపూత పొక్కులు లేచి, ప్లాస్టిక్ పిడి పగిలి, అడిగే దిక్కు లేనట్టుంది. దీన్ని బాగు చెయ్యొచ్చు కదా అనిపించింది. కాల్చాలని కాదు. అతనింట్లో ఒక్క తూటా కూడా లేదు, ఎప్పుడూ కొనలేదు. చేతులకి ఏదో ఒక పని కావాలి, అంతే.

మొదటిది పాడుచేశాడు. చవక పిస్తోళ్ళలో సగం అసలు ఉక్కే కాదు, జింకు కలిపి పోతపోసినవి. ఉక్కుకి రంగెక్కించే మందు దానికి రాస్తే బొల్లి మచ్చలు తేలాయి. కెమిస్టువై ఉండి ఆ మాత్రం తెలియలేదా వెధవా అని తనని తానే తిట్టుకున్నాడు. ఆ తరువాత జేబులో అయస్కాంతం ముక్క వేసుకుని కొట్టుకి వెళ్ళేవాడు. అంటుకుంటేనే బేరం. కొట్టు ముసలాయన అది చూసి విరగబడి నవ్వాడు.

ఇంటికి తెచ్చాక ఏ ముక్కకి ఆ ముక్క విప్పేవాడు. గరుకు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి, నున్నటిదానికీ, ఇంకా నున్నటిదానికీ వెళ్ళి, తుప్పు గుంటలన్నీ పోయేదాకా తడిపి రుద్దేవాడు. చేతి జిడ్డు అంటకుండా గ్లౌజులు వేసుకుని దూదితో మందు అద్దడం, కడగడం, సన్నటి ఇనప పీచుతో తుడవడం, మళ్ళీ అద్దడం. ఓపిక పట్టినవాడికి ఉక్కు మీద నేరేడుపండు రంగు తేలుతుంది. పక్కింటివాళ్ళ వాల్‌నట్ చెట్టు గాలివానకి పడిపోతే దుంగ ముక్క అడిగి తెచ్చుకుని పిస్తోళ్ళకి పిడులు కూడా చెక్కాడు. పని అయ్యాక వంటింటి దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూసుకునేవాడు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, నిజంగానే బాగుండేవి. బాగున్న వస్తువుని చేతిలో పట్టుకుని "ఇదుగో చూడు" అనడానికి మనిషి లేకపోవడం ఎంత బాధో అతనికి ఆ వంటింట్లోనే తెలిసొచ్చింది.

ఎనభై అయిదు అక్టోబరులో పాస్టరు దైవాశీర్వాదం గారు ఫోన్ చేశారు.

"వందనాలండి కృపావరం గారూ. వచ్చే సండే కోత పండుగండి, మర్చిపోకండి. లాస్ట్ ఇయర్ మీరు కవరు ఇచ్చేసి ఊరుకున్నారు. అలా కాదండి, ఈసారి మీ చేతుల కష్టం ఏదన్నా తెండి."

"నా చేతుల కష్టమా అయ్యగారూ? ఉందండి... ఒకటుంది."

"దేవునికి స్తోత్రం! ఏంటో నాకు కూడా చెప్పకండి. సర్‌ప్రైజ్‌గా ఉంటాది."

కోత పండుగంటే ఎవరికి పండింది వాళ్ళు దేవుడి సన్నిధికి తెచ్చి వేలం వెయ్యడం. కోస్తాలో ధాన్యం బస్తాలూ, కోడిపుంజులూ, అరటిగెలలూ తెస్తారు. ఇక్కడ, ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకి తీసుకున్న అమెరికన్ చర్చి హాల్లో, పెరట్లో కాసిన సొరకాయలూ, గోంగూర పచ్చడి సీసాలూ, కేకులూ, అల్లిన మేజాగుడ్డలూ వచ్చేవి. పాస్టరు గారి భార్య మణి అమ్మగారు దీనికో ఆనవాయితీ పెట్టారు. వస్తువు ఇచ్చినవాళ్ళూ, దాన్ని పాడుకున్నవాళ్ళూ ఆ పూట పక్కపక్కన కూర్చుని భోంచెయ్యాలి. డబ్బు పెట్టి ఇచ్చే కవర్లకి వేలం ఉండదు గనక, కిందటేడు కృపావరం గోడవార నిలబడి తిని, ప్లేటు పారేసి వచ్చేశాడు.

ఈసారి ఎవరో ఒకరు పక్కన కూర్చుంటారు. ఆ ఒక్క భోజనం కోసం ఆ వారమంతా అతను పడని పాట్లు లేవు. ఉన్నవాటిల్లోకల్లా మంచిదాన్ని తీసి మళ్ళీ మెరుగుపెట్టాడు. పిల్లలుంటారు కదా అని తూటాని పేల్చే సూది ఊడదీసి ఇంట్లో దాచాడు. ఎర్ర వెల్వెట్టు పరిచి చెక్కపెట్టెలో పెట్టాడు. కారులో వెళుతూ, పక్కన కూర్చున్నవాళ్ళకి ఏమేం చెప్పాలో వల్లెవేసుకున్నాడు. ముందు అయస్కాంతం కథ చెప్పాలి, అది చెబితే ఎవరైనా నవ్వుతారు. పిస్తోలు చూసి జనం ఏమనుకుంటారన్న ఆలోచన రానే లేదా అంటే, రాలేదు. రెండేళ్ళ బట్టీ మాట్లాడే తోడు లేని మనిషికి తన ఆలోచన తప్పో ఒప్పో చెప్పేవాళ్ళెవరు?

వేలం పాడించేది సాల్మన్‌రాజు. నోరున్న మనిషి. ఒక్క సొరకాయని "మొజాయిక్ పాలిష్ పెట్టినట్టుంది చూడండమ్మా" అని నలభై డాలర్లకి ఎక్కించాడు. హాలంతా నవ్వులు. బల్ల మీద కాయలూ కేకుల మధ్య కృపావరం పెట్టె ఒక్కటే వేరుగా ఉంది.

"ఇప్పుడు మన కృపావరం అన్నయ్య గారి చేతుల కష్టం! సీక్రెట్టంట. నగలపెట్టె మాత్రం కాకూడదండోయ్, మా ఆవిడ ఇక్కడే ఉంది..." అంటూ మూత తీసిన సాల్మన్‌రాజు నోరు అక్కడితో ఆగిపోయింది.

ముందు వరసలోవాళ్ళు చూశారు. వెనక వరసవాళ్ళు లేచి చూశారు. తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. కృపావరం కంగారుగా లేచాడు.

"భయపడకండి, భయపడకండి! లోపల సూది తీసేశానండి, పేలదు. పాడుకున్నవాళ్ళు షెరీఫ్ దగ్గర పర్మిట్ తెచ్చుకుంటే చాలు, నేనే ఇంటికి తెచ్చి ఇస్తాను."

షెరీఫ్ మాట ఎత్తకుండా ఉండాల్సింది. హాలు ఇంకా బిగుసుకుపోయింది. ఆ నిశ్శబ్దంలో ఎవరో ఆవిడ, గుసగుసే అనుకుని, పైకే అనేసింది:

"అందుకే కాబోలు పాపం, లూసీ వెళ్ళిపోయింది."

కృపావరం చెవిన పడింది. లూసీ వెళ్ళిపోయాకే ఇవి వచ్చాయమ్మా అని అరవాలనిపించింది. వరసగా మొహాలన్నీ చూశాడు. రెండేళ్ళుగా అంతుబట్టని లెక్కకి జవాబు దొరికినట్టు అందరి మొహాలూ తేరుకుంటున్నాయి. ఇన్నాళ్ళూ జాలిపడాలో తప్పుపట్టాలో తెలియక తప్పుకుపోయినవాళ్ళకి ఇప్పుడు తెలిసిపోయింది.

పాస్టరు గారికి మింగలేక కక్కలేక అయింది. దేవుడి బల్ల మీద పెట్టినదాన్ని పాడకుండా వెనక్కి ఇవ్వకూడదని నియమం. ఆయన కళ్ళతో సైగ చేశారు. సాల్మన్‌రాజు నీళ్ళు నములుతూ "ఐదు డాలర్లండి... ఐదు..." అన్నాడు.

మూడో వరసలో రవికుమార్ అనే ఇంజనీరు, పెట్టె తెరిచినప్పటినుంచీ మెడ చాచి ఆ ఉక్కు వంకే చూస్తున్నవాడు, చెయ్యి ఎత్తాడు. సగం ఎత్తాడు. భార్య ఒక్క చూపు చూసింది. లేచిన చెయ్యి తల గోక్కుని దిగిపోయింది.

"ఐదండి... ఎవరన్నా..."

"యాభై," అన్నాడు కృపావరం.

సాల్మన్‌రాజు ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నీ ఒక్క గుక్కలో అనేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పాపం, గట్టిగానే కొట్టారు. ప్రాణాలు లేచొచ్చిన చప్పట్లు అవి. పాస్టరు గారు వెంటబడి పెట్టెని కృపావరం కారు డిక్కీలో పెట్టించి, "ఏమీ అనుకోకండి బ్రదర్, మీ మనసు దేవుడికి తెలుసు" అన్నారు. కృపావరం ఏమీ అనుకోలేదన్నాడు.

అటునించి అటే వెళ్ళిపోవచ్చు. కానీ వెళ్ళిపోతే ఇంక ఎప్పుడూ రాలేడని అతనికి తెలుసు. లోపలికి వచ్చాడు. కాగితాలు పరిచిన బల్లల దగ్గర జంటజంటగా కుర్చీలు వేసి ఉన్నాయి. సొరకాయ ఇచ్చిన ముసలమ్మ, దాన్ని పాడుకున్న కుర్రాడు ఒకచోట నవ్వుకుంటున్నారు. ఇచ్చినవాడూ పాడుకున్నవాడూ తానే అయిన కృపావరం చికెన్ బిరియానీ వడ్డించుకుని చివరి బల్ల దగ్గర కూర్చున్నాడు. పక్క కుర్చీ ఖాళీ.

నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, ప్లేటు పక్కన నీడ పడింది. తలెత్తితే రవికుమార్.

"బ్రదర్, ఈ చెయిర్ ఖాళీయేనా?"

"ఖాళీయేనండి, ఖాళీయే!" అని కృపావరం తన ప్లేటూ నీళ్ళగ్లాసూ గబగబా పక్కకి జరిపి చోటు చేశాడు. "కూర్చోండి, కూర్చోండి."

రవికుమార్ మొహం చిన్నబోయింది. "కాదు బ్రదర్... అక్కడ మా టేబుల్ దగ్గర ఒక చెయిర్ తక్కువైంది. మీకు అక్కర్లేకపోతే తీసుకెళ్దామని..."

"అయ్యో, తీసుకెళ్ళండి. నాకెందుకూ."

రవికుమార్ కుర్చీ ఎత్తి, ఒకసారి వెనక్కి చూసుకుని, వంగి చెవి దగ్గర అన్నాడు: "కలర్ మాత్రం చాలా బాగా వచ్చింది బ్రదర్."

కృపావరానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బిరియానీ చేతిని ప్లేటు అంచుకి తుడుచుకున్నాడు. "అది ఒక్కసారికి రాదండీ," అని మొదలుపెట్టాడు. "ముందు అసలు ఉక్కో కాదో చూసుకోవాలి. దానికి నేనేం చేస్తానంటే, జేబులో ఒక అయస్కాంతం..."

అప్పటికే రవికుమార్ కుర్చీతో సగం హాలు దాటాడు.