లస్మవ్వకు కుప్ప లేదు

చేపల సొసైటీ పెద్దలారా, వల విసిరే చెయ్యొక్కటే మీ కంటికి చెయ్యిగా కనబడిందా? ఆ వల అల్లిన చేతులు, చేప కడుపు కోసి ఎండబెట్టిన చేతులు, చెన్నూరు అంగడి దాకా గంప మోసిన మెడ, ఇవన్నీ ఏ గోదాట్ల కలిపిన్రు?

తెల్లారింది. ఒడ్డున కూర్చొని లస్మవ్వ ఊరివాళ్ల బొచ్చె చేపలకు పొలుసు గీకుతున్నది. గోళ్లు నల్లబడ్డయి. వేళ్ల సందుల నిండా ముళ్లు గుచ్చుకున్న మచ్చలు. పట్టిన చేపలను ఇంటికొక కుప్ప పోసి పంచుకోవడం ఆ ఊరి రివాజు. వానకాలంలో పెనిమిటి సాంబయ్య పోయాడు, ఆయన కుప్పా ఆగిపోయింది. అది రాకుంటే తను, మొగడు వదిలేసిన బిడ్డ ఐలవ్వ ఏం తినాలె?

ఒడ్డునే నిలబడి కుప్పలు పోయిస్తున్న సొసైటీ ప్రెసిడెంటు కొండల్ ఆమెకు మరిది.

"మీ అన్న కుప్ప నాకెయ్యవారా?"

"మొగోడు లేని ఇంటికి కుప్పేంది వదినె? సొసైటీల మెంబర్లు మొగోళ్లే."

"నీ మీసాలు సూసి పడ్తున్నయా చేపలు? నీ వల గూడ నేనే అల్లిన!"

ఒడ్డు మీది ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. కొండల్ చెయ్యి మీసం దాకా పోయి దిగింది.

ఆ పొద్దే పట్నం నుంచి నర్మద వచ్చింది. సముద్రం ఒడ్డున చేపల పని చేసే ఆడవాళ్ల మీద డాక్టరేటు చేస్తున్న పిల్ల. ఏటి ఒడ్డున ఎట్లుందో పోల్చి చూద్దామని వచ్చి, లస్మవ్వ గోడు విన్నది. "మీ పనేమిటో పెద్దల ముందు మీ నోటితోనే చెప్పండి. పక్కన నేనుంటా" అని ధైర్యమిచ్చింది.

పొద్దెక్కినాక లస్మవ్వ కుప్ప సంగతి తేల్చడానికి పెద్దలు కూర్చున్నారు.

"చెప్పండి లస్మవ్వగారూ, మీరేం పని చేస్తారు?" అని అడిగింది నర్మద.

లస్మవ్వ కొంగు నెత్తి మీదికి లాక్కున్నది. ఒడ్డున మరిదిని ఎకసెక్కమాడడం వేరు, నిండు పంచాయితీలో నిలబడడం వేరు. కాపురానికొచ్చిన నాటి నుంచి ఎవరడిగినా చెప్పే మాటే నోట్లోంచి ఊడిపడ్డది.

"నాదేం పని బిడ్డా... పనంతా మా ఇంటాయనదే. నేను ఇంట్లనే ఉంట."

"ఇన్నవా అమ్మా? ఆమెనే అన్నది" అన్నాడు కొండల్ నర్మదతో. పెద్దలు తువ్వాళ్లు దులుపుకొని లేచారు.

"గట్లెందుకన్న బిడ్డా నేను?" అని లస్మవ్వ నర్మదనే అడిగింది.

మధ్యాహ్నం ఎవరివో చేపలు గంపకెత్తుకొని లస్మవ్వ అంగడి దారి పట్టింది. వెనకాల ఐలవ్వ. ఇసుక కాలుతున్నది.

"జర దించు బిడ్డా."

ఐలవ్వ గంప దించి ఇటు తిరిగేసరికి తల్లి పక్కకు ఒరిగి ఉన్నది. "అవ్వా!" అని కుదిపింది. ఊపిరి లేదు.

ఐలవ్వకు కుప్ప వెయ్యండి. రేపు గాదు, ఇయ్యాల పట్టిన చేపల్లోంచే వెయ్యండి. రూలు తరువాత దిద్దుకోండి. ఆడదాన్ని నీ పనేందని అడగకండి, పోయి చూడండి. దారి పక్కన ఇసుకలో లస్మవ్వ నెత్తి మీది చుట్టబట్ట పడి ఉన్నది, చుట్టిన చుట్ట చుట్టినట్టే, చేపల నీళ్లతో ఇంకా తడిగా.