వాసన పోయిన గల్లీ

జ్వరం చూసే తుపాకిని నుదుటికి గురిపెట్టగానే ఎర్రలైటు వెలిగింది. అంజన్న తలవంచుకుని నిలబడ్డాడు. సెక్యూరిటీ అతన్ని ఇంటికి పంపలేదు, కంపెనీ గేటు పక్కనున్న నల్లా చూపించాడు.

"మొఖం కడుక్కో పో. జెర సల్లబడినంక రా," అన్నాడు లేబర్ కాంట్రాక్టర్ దశరథ్, కుర్చీలోంచి లేవకుండానే.

అంజన్న మొహం కడుక్కుని వచ్చాడు. మళ్లీ ఎర్రలైటే. ఈసారి తలంతా నల్లా కింద పెట్టాడు. చివరికి పచ్చలైటు వెలిగింది. తడి తలతో దగ్గుకుంటూ లోపలికి పోయాడు.

అంతలో ఒక ఆఫీసరు కారొచ్చింది. ఆయనకూ ఎర్రలైటే వెలిగింది. "రెస్ట్ తీస్కోండ్రి సార్," అని దశరథ్ స్వయంగా కారు వెనక్కి తిప్పించాడు. నైట్ డ్యూటీ దిగి వస్తూ నేను ఇదంతా చూశాను. నాతోపాటు షిఫ్టంతా చూసింది. తలలు దించుకుని ఇళ్ల దారి పట్టాం. పన్నెండు గంటలు రసాయనాలు ఉడికే రియాక్టర్ల మధ్య నిలబడి వచ్చినవాడికి కోపం తెచ్చుకునే ఓపిక ఎక్కడిది?

నా పేరు ఉబేద్. పటాన్‌చెరు దాటాక ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు పనివాణ్ణి. పొద్దున్నే కంపెనీ బస్సుల్లో నిద్రపోయే అన్నలకూ, రేపు అవే బస్సులెక్కడానికి కాలేజీలో కెమిస్ట్రీ చదువుతున్న పిల్లలకూ ఇది చెబుతున్నాను. కరోనా రెండోసారి విరుచుకుపడిన రంజాన్ నెల అది. దేశానికి మందులు కావాలి కాబట్టి మా కంపెనీ ఆగకూడదని సర్కారు అనుమతిచ్చింది. మందు చేసేవాడికే జ్వరమొస్తే ఏం చేయాలో మాత్రం ఆ అనుమతిలో లేదు.

మా దగ్గర దగ్గును రోగం అనరు, కంపెనీ దగ్గు అంటారు. పనిలో చేరిన కొన్నాళ్లకు వస్తుంది, మానేసినా పోదు. అందుకే గల్లీలో దగ్గు పెరిగినా ఎవరికీ అనుమానం రాలేదు. ఇక రబ్బరు మాస్కులంటారా, అవి మనిషికొకటి ఉండవు. పగటి షిఫ్టువాడు దించి మేకుకు తగిలిస్తే రాత్రి షిఫ్టువాడు ఎక్కించుకోవాలి. అంజన్న దించినది నేను పెట్టుకునేవాణ్ణి. ఆయన ఊపిరి తడి ఆరకముందే నా మొహానికి తగిలేది. ఆయన నమిలే తంబాకు వాసనతోనే నా డ్యూటీ మొదలయ్యేది.

ఆ సాయంత్రం మాస్కులో తంబాకు వాసన రాలేదు.

"తంబాకు మానేసినవా అన్నా?" అని అడిగాను.

"నీ అక్క మానిపిస్తదా నాతోని?" అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపు ఆగలేదు.

మా కిరాయి గదులు కంపెనీ గోడ వెనకే. కంపు రాకుండా కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుకుని బతుకుతాం. మర్నాడు పొద్దున నేను డ్యూటీ దిగి వచ్చేసరికి అంజన్న భార్య ముత్యమ్మ ఆ గుడ్డలన్నీ పీకి పారేస్తోంది.

"ఓ ఉబేదూ! ఇయ్యాల కంపే లేదు సూడు! కంపెనోనికి బుద్ధొచ్చింది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట పోయి భవానమ్మకు కొబ్బరికాయ కొట్టొస్త."

నేనూ గుండెల నిండా గాలి పీల్చాను. నిజమే, ఏ వాసనా లేదు. ఒక్కొక్క కిటికీ తెరుచుకుంది. గుడ్డలు కట్టెల మీద ఆరేశారు. ఏళ్ల తర్వాత మా గల్లీలో జనం గడపల మీద కూర్చుని హాయిగా ఊపిరి తీసుకున్నారు. కంపెనీ వదిలిన విషమంతా ఆ హాయిలోనే మా లోపలికి పోయింది.

నా భార్య ఆమ్నా ఒక్కతే ముక్కుకు ఓణీ అడ్డం పెట్టుకుంది.

"పాగల్ అయిండ్రా అందరూ? ముక్కు పగుల్తున్నది నాకు!"

"నీ ముక్కే ఖరాబైంది," అంది ముత్యమ్మ.

"నాది ఖరాబైందో, మీది ఖరాబైందో సూద్దాం," అని ఆమ్నా పండుగకు దాచుకున్న గులాబీ అత్తరు సీసా తెచ్చింది. దూది పింజలు ముంచి గోడ మీద దూరం దూరంగా పెట్టి, ఒక్కొక్కరినే రమ్మంది. ముత్యమ్మ చూసింది. వారపు సెలవు కావడంతో ఆ రోజు ఇంట్లోనే ఉన్న అంజన్న చూశాడు. నేను చూశాను. మా ముగ్గురికీ వాసన తగల్లేదు. మా వెనక వచ్చినవాళ్లలోనూ చాలామందికి తగల్లేదు. నవ్వులాట ఆగిపోయింది. తెరిచిన కిటికీలన్నీ మళ్లీ మూసుకున్నారు.

మా కంపెనీలో గ్యాస్ లీకైతే మోగాల్సిన మీటరు ఎప్పుడో పాడైంది. మాకున్న అలారం ముక్కొక్కటే. వాసన తగిలితే పరుగెత్తడమే మాకు తెలిసిన సేఫ్టీ. ఆ సాయంత్రం షిఫ్టు మారే వేళకు అందరం కలిసి దశరథ్ దగ్గరికి పోయాం.

"దశరథన్నా, వాసన తెలుస్తలేదు. మమ్మల్ని రియాక్టర్ కాడ పెట్టకు," అన్నాడు అంజన్న.

"మంచిదే కదనే! రోజూ కంపు కంపని మొత్తుకుంటుంటిరి. రాకున్నా తప్పేనా?"

"కరోనా పరీక్షలు చేయించు. జ్వరమున్నోళ్లను ఇంట్ల ఉండనియ్యి. మాస్కు మనిషికొకటియ్యి," అన్నాను.

"పరీక్ష జేస్తే అందరికీ ఉన్నదనే వస్తది. మరి షిఫ్టు ఎవడు నడుపుతడు, నీ అయ్యా? ఇంట్ల పండుకునేటోడు మళ్ల గేటు దిక్కు రావద్దు."

ఈ దశరథ్ ఒకప్పుడు మాతో డ్రమ్ములు దొర్లించినవాడే. కుర్చీ దొరకగానే దగ్గు మరిచిపోయాడు. మేం తిట్టుకుంటూ, ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ ఎవరి షిఫ్టుకు వాళ్లం లోపలికే పోయాం.

రెండ్రోజులకు రియాక్టర్ వాల్వు లీకైంది. పక్కనే ఉన్న అంజన్నకు తెలియలేదు. ఆయన పక్కవాళ్లకూ తెలియలేదు. మెట్ల మీది నుంచి ఎవరో వాసన పసిగట్టి కేక వేసేసరికే ఆయన కూలబడ్డాడు. నేను షిఫ్టుకు పోయేసరికి టార్పాలిన్ మీద మోసుకొస్తున్నారు. ఆటోలో వేసుకుని ఆసుపత్రి తర్వాత ఆసుపత్రి తిరిగాం. ఎక్కడా బెడ్డు లేదు. చివరికి ఒకచోట బెంచీ మీద పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టారు. అప్పటికే ఆయన కళ్లు తేలిపోయాయి.

"కరోనాతోని పోయిండు. కంపెనీకేం సంబంధం?" అన్నాడు దశరథ్.

ఊపిరితిత్తుల్లో ఏ ముక్క కంపెనీ తిన్నదో, ఏ ముక్క రోగం తిన్నదో పంచి చెప్పేవాడెవడు? ప్లాస్టిక్‌లో చుట్టిన మనిషిని ముత్యమ్మ దూరం నుంచే చూసింది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా జ్వరంతో, సిగ్గుతో కాలిపోయింది.

మర్నాటి సాయంత్రం గల్లీలో కూడాం. పనికి పోవద్దని కొందరు, పోకుంటే తినేదేమిటని కొందరు. "కొట్లాడుదామంటే పానంల సత్తువ ఏది? నిలబడనీకే చాతనైతలేదు," అన్నాడో ముసలి హెల్పర్.

ముత్యమ్మ గడప మీది నుంచే అంది. "నిలబడకుండ్రి. గేటు ముందట కూసోండ్రి. కూసోనీకే సత్తువెందుకు?"

మర్నాడు సాయంత్రం షిఫ్టు మారే వేళకు ముత్యమ్మతో సహా రెండు షిఫ్టులూ ఎడంఎడంగా గేటు ముందు కూర్చున్నాయి. దశరథ్ ఒక మాస్కు పట్టుకుని వచ్చాడు.

"లే ఉబేద్. మాస్కు మాస్కు అన్నవు కదా. ఇగో, అంజన్నది. ఇగ ఇది నీకొక్కనికే."

నేను దాన్ని అందుకున్నాను. లోపలి తడి ఆరిపోయి తెల్లగా చారలు కట్టింది. లేచి, దాన్ని గేటు చువ్వకు తగిలించి వచ్చి మళ్లీ కూర్చున్నాను. పగటి షిఫ్టువాళ్లు ఒక్కొక్కరే లేచి తాము దించి, మేకుకు తగిలించకుండా వెంట తెచ్చుకున్న మాస్కులు దాని పక్కన తగిలించారు.

దశరథ్ గేటు పక్కనే బీహారీ కూలీలు ఉండే షెడ్డు వైపు తిరిగి, మొహాలు కడుక్కుని లోపలికి పొమ్మని వాళ్ల భాషలో అరిచాడు. "మహేంద్రా! తుమ్ లోగ్ అందర్ చలో! మూఁ ధో లో!"

మహేంద్ర నల్లా దాకా నడిచాడు. కారుతున్న నల్లాను గట్టిగా కట్టేశాడు. "అబ్ మూఁ నహీ ధోయేంగే, సేట్," అని, ఇక మొహాలు కడిగేది లేదని తేల్చేసి వచ్చి మా పక్కన కూర్చున్నాడు. అతని వెనక షెడ్డంతా వచ్చింది.

పోలీసులొచ్చారు. "కరోనా టైముల గుంపు కట్టొద్దని తెల్వదా?"

"లోపల వందలమందిమి ఉంటం సార్. అది గుంపు కాదా?" అన్నాను. లాఠీ భుజం మీద పడింది. దొరికినవాళ్లందరినీ ఒకే వ్యానులో కుక్కారు. "సారూ, జెర దూరం దూరం కూసోబెట్టుండ్రి, రోగమున్నది," అంది ముత్యమ్మ. వ్యానంతా నవ్వింది, దగ్గింది. మా వెనక గేటు ముందు మిగిలినవాళ్లు కూర్చునే ఉన్నారు.

మాకు బెయిలు దొరికేసరికి రంజాన్ పండుగ వెళ్లిపోయింది. గల్లీలో అడుగుపెట్టగానే ముత్యమ్మ ఆగిపోయింది. గాలి పీల్చింది. ఆమె మొహంలో భయం కనిపించింది.

"తమ్మీ, ఇంకా వాసన తెలుస్తలేదు నాకు. ముక్కు మొత్తానికే పోయినట్టుంది."

నేనూ పీల్చాను. నాకూ ఏమీ తెలియలేదు.

ఆమ్నా లోపలికి పోయి దూది అత్తరులో ముంచి తెచ్చింది. ముత్యమ్మ ముక్కు దగ్గర పెట్టుకుంది. పెట్టుకున్నది తీయలేదు. కళ్ల నిండా నీళ్లు వచ్చాయి. నా చేతికిచ్చింది. గులాబీలు గుప్పుమన్నాయి.

తలెత్తి చూశాం. కంపెనీ గొట్టంలో పొగ లేదు.

ముత్యమ్మ తన గది కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"పా తమ్మీ," అంది. "గేటు కాడ కూసునేటోళ్లు అలిసిపోయి ఉంటరు. మన షిఫ్టు టైమైంది."