ఏడు సున్నాలు

టమాటాలు తరుగుతుంటే వేలు తెగింది. తెగినట్టు నాకు తెలియలేదు. పలక మీద ఎర్రగా పారుతుంటే పండు బాగా ముగ్గిందనుకున్నాను. ఇంత రసమున్న కాయలు ఈసారి ఎలా దొరికాయబ్బా అని ముచ్చటపడ్డాను కూడా. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వచ్చిన మా ఆయనే చూశారు. "చూసి కోయొచ్చుగా," అన్నారు. గుడ్డపేలిక తెచ్చి కట్టారు, కాదనను. కట్టి, నీళ్లు తాగి, "తొందరేం లేదు, మిగతావి నెమ్మదిగా కోసుకో," అని వెళ్లిపోయారు. కోసుకో అన్నారు. ఇంట్లో ముగ్గురం తినే కూర అది. ఆ 'కో' ఎవరిదా అని కత్తి పట్టుకుని కాసేపు ఆలోచించాను. ఈ మందులు మొదలైనప్పటి నుంచి ఇలాంటి పనికిమాలిన ఆలోచనలు బాగా వస్తున్నాయి.

చికిత్స మూడో నెలలో ఉంది. వేళ్ల కొసలు మొద్దుబారి పదిహేను రోజులైంది. నొప్పి లేదు, మంట లేదు. పత్తిమూటలో చేతులు దూర్చి పని చేస్తున్నట్టుంటుంది. అరచేతి దాకా నేనే, అక్కణ్నుంచి ఎవరో పెద్దమనిషి తన వేళ్లు నాకు అరువిచ్చినట్టు. బొత్తాం దగ్గరికి వెళ్లి తడుముతాయి, దొరక్క తిరిగొస్తాయి. జుట్టు ముందే సెలవు పుచ్చుకుంది కాబట్టి జడ బాధ లేదు గానీ, తలగుడ్డకు ముడి పడదు. సీసా మూతలు పళ్లతో తీస్తున్నాను. ఇలా పళ్లతో, మోచేతులతో, నడుముతో ఆనుకుని ఇంటి పని మాత్రం ఏ రోజుకారోజు తెమిలిపోతూనే ఉంది. తెమిలిపోతున్న పని వెనక ఏముందో చూడాలని ఎవరికి తోస్తుంది?

మెడ పక్కన చిక్కుడుగింజంత గడ్డ తగిలినప్పుడు మొదలైంది ఇదంతా. 'లింఫోమా' అన్నారు, ఒక రకం క్యాన్సరట. కుండీలో పెంచుకునే మొక్క పేరులా అనిపించింది నాకు. పెద్దాసుపత్రి డాక్టరుగారు కూర్చోబెట్టి విప్పి చెప్పారు. "ఇప్పుడు వాడుతున్న మందులకు కొత్తదొకటి కలిపి చూస్తున్నామమ్మా. ఇష్టమైతేనే చేరండి. ఎవరికి పాత పద్ధతి, ఎవరికి కొత్తది అనేది కంప్యూటరు చీటీ తీస్తుంది. ఎందులో పడినా వాంతులకు, నీరసానికి, దిగులుకు తోడ్పాటు వైద్యం మాత్రం అందరికీ ఉంటుంది." ఇంటికొచ్చి చెబితే మా అత్తయ్య, "చీట్లేసి వైద్యం చేస్తారా, చోద్యం కాకపోతే," అన్నారు. నాకు కొత్త మందు చీటీ వచ్చింది. చీటీ తీయకముందు, సంతకం కోసం పదహారు పేజీలు చదివించారు. తొమ్మిదో పేజీలో ఉంది: 'మీరు ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా దీన్నుంచి తప్పుకోవచ్చు. తప్పుకున్నందుకు మీ పట్ల శ్రద్ధ తగ్గదు.' అక్కడే ఆగిపోయాను. ఇరవై రెండేళ్ల కిందట నేను తలూపిన దానికి ఇలాంటి పేజీ ఎవరూ చూపించలేదు. "ఏమిటంతసేపు?" అన్నారు పక్కనుంచి మా ఆయన. "ఏం లేదు," అని సంతకం పెట్టాను.

దాంతో పాటు ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. రోజుకో పేజీ. నీరసం, వికారం, నొప్పి, తిమ్మిరి, నిద్ర. ఒక్కోదానికి ఎదురుగా సున్నా నుంచి పది దాకా అంకెలు. అసలేం లేకపోతే సున్నా, భరించలేకపోతే పది. మొదటిసారి మందు ఎక్కించుకుని వచ్చిన వారం నా చెయ్యి వణుకుతోందని కలం ఆయనే పట్టుకున్నారు.

"చెప్పు, నేను రాస్తా. నీరసం?"

"ఆరు."

కలం ఆగింది. "ఆరా? పొద్దున బట్టలారేశావుగా."

"ఆరేశాకే ఆరు."

"చూడూ, ఎక్కువెక్కువ రాస్తే వీళ్లు ప్రయోగంలోంచి తీసేస్తారు. ఆసుపత్రిలో నీ పక్క కుర్చీ ఆవిణ్ని తీసేశారట. అంత కష్టపడి చేరాం."

అత్తయ్య లోపల్నుంచి అందుకున్నారు. "ఏం లేదని రాయించమ్మా. ఉంది ఉంది అనుకుంటే ఉన్నట్టే ఉంటుంది."

సున్నా పడింది. ఆ తర్వాత అడగడం కూడా మానేశారు. ఆదివారం టిఫినయ్యాక కూర్చుని వారానికి సరిపడా ఏడు రోజులవీ ఒకేసారి వేసేవారు. ఒకే కలం, ఒకే గుండ్రం. ఆయన సున్నాలు చాలా అందంగా ఉంటాయి. బతకాలని ఉంది నాకు. సున్నాలు పెడితే బతకనిస్తారంటే పెట్టనీ అనుకున్నాను.

వేలు తెగిన మర్నాడే మందు ఎక్కించుకునే రోజు. కిటికీ పక్క కుర్చీ దొరికింది. ముందుగా ఒక ఇంజెక్షన్ ఇస్తారు, దాంతో కళ్లు బరువెక్కుతాయి. కుర్చీ వెనక్కి వాలుతుంది. తెర పసుపుగా ఉబ్బి, తగ్గి, మళ్లీ ఉబ్బుతుంది, అవతల ఎవరో ఊపిరి తీస్తున్నట్టు. సీసాలోంచి చుక్క రాలడానికీ చుక్కకీ మధ్య చాలా చోటుంటుంది. ఆ చోట్లోకి నేను దిగిపోతాను. నా గిన్నెలన్నీ నీళ్ల మీద బోర్లా తేలుతూ వెళ్లిపోతుంటాయి, ఎవరూ పట్టుకోమని అనరు. ఆ రోజు ఆ నీళ్లు పోయి పోయి మా నాన్న చేనులో ఆగాయి.

కొత్త రకం విత్తనం వస్తే మా నాన్న చేనంతా వేసేవాడు కాదు. నాలుగు సాళ్లు కొత్తది, పక్కనే నాలుగు సాళ్లు పాతది. ఒకటే నీరు, ఒకటే ఎరువు. పదేళ్లదాన్ని, కొత్త మొలకలు వాడిపోతుంటే చూడలేక ఎవరూ లేనప్పుడు బిందెతో నీళ్లు మోసి పోశాను. తడి నేల చూసి పట్టేసుకున్నాడు నాన్న. కోప్పడలేదు. గట్టు మీద గొంతుక్కూర్చుని అన్నాడు: "నువ్వు జాలిపడి పోస్తే, బాగానే ఉందనుకుంటానుగదమ్మా. అనుకుని వచ్చే ఏడు చేనంతా ఇదే వేస్తా. అప్పుడెన్ని బిందెలు మోస్తావు?"

ఆ మాట చెప్పి నాన్న లేచి నడిచిపోయాడు. సాళ్ల నిండా ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరో నాకు తెలియదు. ఇంకా గడ్డ కూడా రానివాళ్లు, తల నిండా జుట్టున్నవాళ్లు. అందరూ అరచేతులు చాపి, తమవి కాని వేళ్ల వంక వింతగా చూసుకుంటున్నారు. వాళ్లకు ఎవరో చెప్పారు, ఈ మందుతో తిమ్మిరి రాదని. పుస్తకంలో అంతా సున్నాలే ఉన్నాయని.

"అక్కా, మెలకువొచ్చిందా?" నర్సు పక్కన నిలబడి ఉంది. ఈ ప్రయోగం పనులన్నీ చూసేది ఆ అమ్మాయే. చేతిలో మా పుస్తకం. కుర్చీకి అటువైపు బల్ల మీద మా ఆయన.

"బాగానే ఉందండీ," అన్నారాయన అలవాటుగా.

"మంచిదండీ. అక్కా, మీ పనులు మీరు చేసుకోగలుగుతున్నారా?"

"ఓ, అన్నీ చేసుకుంటోంది," అన్నారు ఆయనే. గొంతులో గర్వం కూడా ఉంది. "వంటతో సహా. ఒక్క పూట ఆపలేదు."

నేను కుర్చీలో కాస్త పైకి జరిగాను. "మీ పనులంటే ఏవమ్మా?"

ఎవరూ అడగని ప్రశ్న కాబోలు, నర్సు కాగితం తిరగేసింది. "స్నానం, బట్టలు కట్టుకోవడం, తినడం, తల దువ్వుకోవడం, కాస్త నడవడం."

"వంట?"

"వంట లేదు ఇందులో."

"బట్టలుతకడం, అత్తయ్యకు కాళ్లకు మందు రాయడం, ఇస్త్రీ?"

"లేవక్కా."

ఇన్నాళ్లూ ఆ ప్రశ్న అడిగినప్పుడల్లా, ఆ పనులన్నీ గుర్తొచ్చే నేను తలూపాను. "అయితే రాసుకో," అన్నాను. "బొత్తాలు పెట్టుకోలేకపోతున్నాను. చెంచా పట్టు తప్పుతోంది. చెప్పులు కాలికి ఉన్నాయో జారాయో చూసుకుంటే గానీ తెలియదు. చేసుకోవడం మానేసి చాలా రోజులైంది. చేసిపెట్టడం ఒక్కటే నడుస్తోంది."

నర్సు నా కట్టు కట్టిన వేలు చూసింది. "కళ్లు మూసుకోండక్కా. దూది తాకిస్తాను, ఏ వేలో చెప్పండి."

మూసుకున్నాను. ఎదురుచూశాను. "తాకించు మరి," అన్నాను.

"ఐదు వేళ్లూ అయిపోయాయక్కా."

బల్ల కిర్రుమంది. కళ్లు తెరిచేసరికి మా ఆయన నిలబడి ఉన్నారు. ఆయన ముఖం చూస్తే నాకే భయమేసింది.

డాక్టరుగారు వచ్చి మోకాళ్లు తట్టి, పాదాల మీద గీసి చూశారు. "ఇలాగే ఇంకో రెండుసార్లు ఎక్కించుంటే ఈ తిమ్మిరి జన్మంతా ఉండిపోయేదేమో. నరాలను దెబ్బతీసే మందు ఒక్కదాన్నీ తగ్గిద్దాం. వేళ్లు తిరిగొస్తాయనే అనుకుంటున్నాను, టైము పడుతుంది."

"ప్రయోగంలోంచి తీసేయరుగా?" అడిగారు మా ఆయన.

"ఎందుకు తీసేస్తాం? ఇవి తెలుసుకోడానికేగా ఆ పుస్తకం."

"మరి ఆ పక్క కుర్చీ ఆవిడా?"

"ఆవిడ తనంతట తనే మానుకున్నారండీ," అంది నర్సు. "దూరం తిరగలేనని." అంటూ కొత్త పుస్తకం ఒకటి నా ఒళ్లో పెట్టింది. ఒళ్లోనే, బల్ల మీద కాదు.

బయటికొచ్చే పొడుగాటి వసారాలో ఆయన నాతో సమానంగా నడవడానికి అడుగులు చిన్నవి చేసుకున్నారు. "ఇంతుందని నాకు చెప్పొద్దూ?" అన్నారు.

"చెప్పాను. మీరు సున్నా వేశారు."

ఆ సున్నాల్లో సగం భయమేనని నాకు తెలుసు. నేను పోతానేమోనని భయం. మిగతా సగం ఏమిటో ఆయనకు తెలుసు. నడుస్తున్న గచ్చు మీద ఎండ పలకలు పలకలుగా పడింది. మొద్దుబారిన పాదాలకు అది వెచ్చగా ఉందో లేదో తెలియలేదు గానీ, వెచ్చగానే ఉండుంటుందనిపించింది.

ఇంటి గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు అత్తయ్య. "ఏమన్నార్రా?" అన్నారు, ఎప్పటిలాగే కొడుకు వంక చూస్తూ. ఆయన నోరు తెరిచి, నా వంక చూసి మూసుకున్నారు. అత్తయ్యకు ఏం అర్థం కాలేదు. ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు.

"తగ్గించారు అత్తయ్యా," అన్నాను నేనే. "మందూ, పనీ."

"పనెవరు తగ్గించారమ్మా, డాక్టరా?"

"మందు డాక్టరుగారు. పని నేను."