కింది ఇంటి కరెంటు

మా అత్తగారు ఏనాడూ నన్ను మెచ్చుకున్న పాపాన పోలేదు. పొద్దున్నే నేనిచ్చిన కాఫీ ఒక గుక్క చప్పరించి, "చిన్నదైతే ఇంకాస్త చిక్కగా కలిపేది" అంటారు. చిన్నదంటే నా తోడికోడలు. పై అంతస్తులో ఉంటుంది. అది కలిపిన కాఫీ ఈవిడ తాగి ఎన్నాళ్ళయిందో ఈవిడకే తెలియదు. మోకాళ్ళు మొరాయించాక ఆ నిటారు ఇనప మెట్లు ఎక్కడం మానేశారు. అయినా నా ఇంట్లో, నా కుర్చీలో కూర్చుని, నా చేతి కాఫీ తాగుతూ పైనున్నదాన్ని పొగుడుతారు. నాకు ఒళ్ళు మండేది. పొగిడితే పొగడనీ, మనిషి మాత్రం నా దగ్గరే ఉన్నారు కదా అని సరిపెట్టుకునేదాన్ని.

ఆ ఒక్క ధీమాకీ చిన్నదే గండి కొట్టింది. ఒకరోజు మెట్లు దిగి వచ్చి, "అక్కా, మెట్లు బాగా తుప్పు పట్టిపోయాయి. వీధి చివర వెల్డరును మాట్లాడాను. ఎలాగూ మారుస్తున్నాం కదా, అత్తయ్య ఎక్కగలిగేట్టు తక్కువ ఎత్తులో వేయించి, పట్టుకోవడానికి రెయిలింగు పెట్టిస్తాను. మధ్యాహ్నాలు నా దగ్గరుంటారు. నీకూ కాస్త తెరిపి" అంది.

తెరిపి కావాలని నేనెప్పుడైనా అడిగానా? అడిగాను, నిజమే. మా ఆయన దగ్గర రోజూ అడుగుతూనే ఉన్నాను. కానీ అది మొగుడితో అనుకునే మాట. దాన్ని పట్టుకుని ఇది ఏకంగా మెట్లు కట్టిస్తానంటే ఎలా?

వెల్డరు వచ్చాడు. నోరూ చెయ్యీ ఒకేసారి ఆడే మనిషి. అత్తగారిని మా వరండా గోడ పక్కన నిలబెట్టి, "పెద్దమ్మగారూ, నొప్పి పుట్టకుండా కాలు ఎంతవరకు లేస్తుందో అంతే లేపండి. నాకోసం ఎక్కువ లేపకండి. మెట్టుకి అదే కొలత" అన్నాడు. ఆవిడ గోడ పట్టుకుని పాదం లేపారు. అక్కడ చాక్‌పీసుతో గీత గీశాడు. తర్వాత సంచిలోంచి రకరకాల లావుల గొట్టం ముక్కలు తీసి ఒక్కొక్కటే ఆవిడ చేతిలో పెట్టాడు. అత్తగారు ప్రతి ముక్కనీ పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుని, చివరికి ఒకటి ఎంచుకున్నారు. ఆ ముఖంలో అంత కళ నేను చూసి చాలా కాలమైంది. నాకు అసూయ పుట్టింది. దాచడం ఎందుకు, ఆ గొట్టం ముక్క మీద కూడా పుట్టింది.

అతను అటు వెళ్ళగానే తడిగుడ్డ తెచ్చి గోడ మీది గీత తుడిచేశాను. "గోడ మురికైంది" అన్నాను, ఎవరూ అడగకపోయినా. అత్తగారు కుర్చీలోంచి చూస్తూనే ఉన్నారు.

మర్నాడు వెల్డరు ఆ ఎత్తుకు సరిగ్గా కోసిన కర్రముక్క చేత్తో పట్టుకుని వచ్చాడు. "గీతలు నిలవవని తెలుసమ్మా. చిన్నపిల్లలున్న ఇళ్ళల్లో మామూలే" అన్నాడు. మా ఇంట్లో చిన్నపిల్లలెవరూ లేరు.

అంతలో నాకో అవకాశం దొరికింది. పై ఇంటి వైరు సన్నం, వెల్డింగ్ మిషనుకు ఆగదట. "కింది మీటరు నుంచి కరెంటు ఇప్పించాలమ్మా" అని నన్నే అడిగాడు. చిన్నది పైన పిట్టగోడ మీంచి తొంగి చూస్తోంది.

"మా వైరింగు పాతది. కాలిపోతే పూచీ ఎవరిది?" అన్నాను.

అతను బోర్డు తెరిచి చూసి, "దీనికేమమ్మా, ఏనుగులా ఉంది" అన్నాడు.

నేను ఇంకో సాకు వెతుక్కుంటూ ఉండగా కుర్చీలోంచి అత్తగారు కలగజేసుకున్నారు. "ఇవ్వవే. ఇంట్లోది ఇంట్లోకేగా పోయేది."

నా దగ్గరినుంచి మనిషిని పట్టుకుపోయే మెట్లకు కరెంటు కూడా నేనే ఇవ్వాలన్నమాట. ఇచ్చాను.

అతను రాడ్డు ఆనించినప్పుడల్లా మా హాల్లో ఫ్యాను నెమ్మదించేది. అది నెమ్మదించిందంటే ఇంకోచోట ఇనుము అతుక్కున్నట్టే, అత్తగారు ఇంకో మెట్టు నాకు దూరమైనట్టే. కుదురుగా కూర్చోలేకపోయాను. వెలుగు వైపు చూడొద్దని అతను ముందే చెప్పినా, పట్టుబట్టి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఎక్కడైనా వంకర పోతుందేమోనని ఆశ. ఎక్కడా పోలేదు.

సాయంత్రానికి కళ్ళల్లో ఇసుక పోసినట్టు మంట, ఒకటే నీళ్ళు. మా ఆయన కంగారుగా "ఎందుకు ఏడుస్తున్నావు?" అన్నారు. "ఏడవట్లేదు, వెల్డింగ్ చూశాను" అన్నాను. అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చి, తడిగుడ్డ మడిచి నా కళ్ళ మీద వేశారు.

"చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు చూడొద్దని. చిన్నదైతే వినేది" అన్నారు.

ఆ చల్లటి గుడ్డ కింద కాసేపు నిజంగానే ఏడ్చుకున్నాను.

మెట్లు పూర్తయ్యాయి. రంగు ఆరాక ఒక మధ్యాహ్నం అత్తగారు రెయిలింగు పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టారు. వేలి ఉంగరం గొట్టానికి తగిలి మెట్టు మెట్టుకీ టింగుమంటోంది. పైనుంచి చిన్నది రెండు చేతులూ చాపి నిలబడింది, బిడ్డకు నడక నేర్పుతున్నట్టు. అత్తగారు ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. మెట్లమీద వెనక్కి చూడొద్దని వెల్డరే చెప్పాడట. చెప్పడూ మరి, వేసింది అతనేగా.

ఇల్లు చిన్నబోయింది. వంటగదిలో నా తప్పులు పట్టే దిక్కు లేదు. గిన్నె కింద పెట్టినప్పుడల్లా "మెల్లగా" అని హాల్లోంచి వినిపించేది. ఆవేళ కావాలని గట్టిగా పెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. ఇంకోటి పెట్టాను. ఉండబట్టలేక, ఆవిడ మర్చిపోయిన కళ్ళజోడు వంకన బయల్దేరాను.

కొత్త మెట్లు చప్పుడు చెయ్యవు. పై మెట్టు దాకా వెళ్ళాను. తలుపు తీసే ఉంది. అత్తగారి గొంతు వినబడి ఆగిపోయాను.

"కాఫీ అంటే పెద్దదే కలపాలి. వాసనకే ప్రాణం లేచొస్తుంది. నీది మరీ నీళ్ళగా ఉందే" అంటున్నారు. "నోరు దురుసే గానీ, నాకు దగ్గు తెరలు వస్తే పిలవకముందే వచ్చి పక్కన కూర్చుంటుంది. అలా ఎవరు చేస్తారు?"

లోపల గ్లాసు ఠప్పున బల్ల మీద పడింది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. ఇన్నేళ్ళుగా కింద నేను చేస్తున్నదే.

గాల్లో తేలిపోవాలి కదా, తేలాను కూడా, ఒక్క క్షణం. వెంటనే కడుపు రగిలింది. ఈ మాట నా మొహం మీద అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా? నాకు రావాల్సిన మాట కూడా చివరికి చిన్నదాని చెవిలోనే పడింది. కళ్ళజోడు ఇవ్వకుండానే దిగి వచ్చేశాను.

సాయంత్రం అత్తగారు దిగి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కాఫీ ఇచ్చాను. ఒక గుక్క చప్పరించారు.

"ఇవాళ చిన్నది ఇచ్చింది చూడూ, ఎంత చిక్కగా కలిపిందో" అన్నారు, నా కళ్ళలోకి సూటిగా చూస్తూ.

"అవునా అత్తయ్యా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే చిన్నది దిగి వచ్చింది. ముఖం ముడుచుకుని ఉంది. "అక్కా, రోజూ ఎక్కడం అత్తయ్యకి శ్రమేమో. వారానికోసారి చాలదూ?" అంది.

"శ్రమేముంది? రోజూ వస్తారు. మా మీటరు కరెంటుతో అతికించిన మెట్లవి. ఊరికే పోనిస్తానా?" అన్నాను.

మధ్యాహ్నం నేనే అత్తగారి చేతికి కళ్ళజోడు ఇచ్చి, మొదటి మెట్టు దాకా దిగబెట్టాను. ఉంగరం చప్పుడు పైకి చేరి ఆగింది. అప్పుడు పీట తెచ్చుకుని, పై తలుపు మాటలు వినబడేట్టు మెట్ల కింద కూర్చున్నాను.