గేదె ముక్కులో కాపురం

ఆ మార్గశిరంలో వీరవేణి గేదెకు ముక్కు కారింది. పశువుల ఆసుపత్రి కాంపౌండరు దూది పుల్లతో తడి తీసి రాజమండ్రి ల్యాబ్‌కి పంపించాడు. వారానికి కాగితం వచ్చింది. అందులో నోరు తిరగని పేరొకటి, పక్కన బ్యాక్టీరియా అన్న మాట. డాక్టరుగారేమో సెలవులో ఉన్నారు. కాగితం చదివిపెట్టిన పక్కింటి గణేష్‌బాబు, "దూడని దూరంగా కట్టెయ్యండి పిన్నిగారూ, అంటుకుంటుందేమో" అన్నాడు.

వీరవేణి దూడను పెరటి చివర కొబ్బరిచెట్టుకు కట్టి సీసాతో పాలు పట్టింది. గేదె మేత సరిగా ముట్టకుండా అటే చూస్తూ అరిచేది. మూడు రోజులు ఆ అరుపు విని, నాలుగోనాటి పొద్దున్నే ఆమె కాగితం పట్టుకుని మొగల్తూరులో రాజమండ్రి బస్సెక్కింది.

మంచులో బస్సు కాలవగట్టు వెంట పోతోంది. చేలు, కొబ్బరితోటలు తెల్లదనంలోంచి పైకి తేలి మళ్లీ అందులోనే కలిసిపోతున్నాయి. తను కూర్చుని ఉందో, తేలుతోందో ఆమెకు తెలియలేదు.

ల్యాబ్‌లో మధులత అనే అమ్మాయి కాగితం చూసింది. "ఇది జబ్బు కాదండి. ఆరోగ్యంగా ఉన్న పశువుల ముక్కుల్లోనూ ఉంటుంది. ఏ హానీ చెయ్యదు."

"మరి ముక్కు కారడం?"

"మంచుకి పట్టిన జలుబేమోనండి. ఇప్పుడెలా ఉంది?"

"నిన్నటినుంచి కారట్లేదమ్మా. దూడకి అంటుకుంటుందేమోనని దాన్ని విడిగా కట్టేశాను."

"మరింకేం. ఇది మీ దూడలోనూ ఉండే ఉంటుంది. తల్లి నాకినప్పుడే వచ్చేస్తుంది."

మధులత ఒక గాజుపళ్లెం తెచ్చి చూపించింది. ఎర్రటి జున్నులాంటి దాని మీద మంచుబిందువుల్లా సన్నటి చుక్కలు. ఒక్కో చుక్కలో లక్షలకు లక్షలు ఉంటాయట. వీరవేణి చాలాసేపు చూసింది.

"వీటికి ఆకలేస్తుందా అమ్మా?"

మధులత నవ్వలేదు. "తిండి కావాలండి. గేదె ముక్కులో తడే వాటికి చాలు."

సాయంత్రం ఇంటికొచ్చి ముందు దూడ పలుపు విప్పింది. అది పరిగెత్తి పొదుగు కింద దూరింది. గేదె దాన్ని తల నుంచి తోక దాకా నాకుతూనే ఉంది. వీరవేణి కుడితి తొట్టి అంచున కూర్చుంది. ఆ ముక్కులో ఎన్నెన్నో పుడుతున్నాయి, పెరుగుతున్నాయి. వాటికి ఈ ఊరి పేరు తెలియదు, చలి తెలియదు.

చేలోంచి వచ్చిన భర్త గంగరాజు, "ఏమన్నారే?" అని అడిగాడు.

"జబ్బు కాదంటండి. వాటి కాపురం వాటిదంట."

గంగరాజుకు అర్థం కాలేదు. దూడ పాలు తాగడం చూసి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. గేదె ఊపిరి మణికట్టుకు వెచ్చగా తగులుతుంటే, పొయ్యి వెలిగించాలన్న సంగతే మరిచి ఆమె అక్కడే కూర్చుండిపోయింది.