పచ్చాకు గుర్తున్న సీసా

నేను ఒక గోధుమరంగు గాజు సీసాను. ప్రస్తుతం ఫిన్లాండ్‌లో ఔలు అనే ఊళ్ళో గాజు సామాను పారేసే తొట్టిలో పడి ఉన్నాను. నా ఒంటిమీద పచ్చాకు గుర్తున్న కాగితం ఇంకా ఊడలేదు. దాన్ని తలుచుకుంటే నాకే సిగ్గేస్తోంది.

పుట్టినప్పుడు మాత్రం దర్జాగానే పుట్టాను. కరిగిన గాజును అచ్చులోకి ఊది నన్ను చేశారు, నిండా విటమిన్ మాత్రలు పోశారు. జంతువు నుంచి తీసినది ఇందులో ఇసుమంత కూడా లేదని నా మీద అచ్చువేశారు. ఆ మాట చూసుకుని నేను మిడిసిపడేదాన్ని.

నన్ను వెతుక్కుంటూ వచ్చిన మనిషి వైజయంతి. తెనాలి అమ్మాయి. పశువైద్యం చదివే రోజుల్లో, తల్లి దగ్గర్నుంచి లాగేసిన దూడ అరుపు విని పాలూ పెరుగూ మానేసింది. మాంసం సరేసరి, ఆ ఇంట్లో ముందే లేదు. ఉద్యోగానికని ఈ చలిదేశం వచ్చాక పాపం నానా అవస్థా పడింది. రొట్టెలో పాలపొడి, చిప్స్‌లో వెన్న. ఒక్కో పొట్లం మీద ఫోన్ పెట్టి ఆ భాషను తెలుగులోకి మార్చుకుని చదివేది. చివరికి ఒంట్లో బీ12 విటమిన్ తగ్గి అరికాళ్ళు మొద్దుబారాయి, మెట్ల మీద తూలిపడింది. అప్పుడే ఒక చిన్న దుకాణంలో నేను కనబడ్డాను. అక్షరం వదలకుండా చదివి, గుండెలకు హత్తుకుంది. అంత మర్యాద నాకు ఇంకెక్కడా జరగలేదు.

మాత్రలు అయిపోవచ్చాయి. "ఇంకో సీసా నేను తెస్తాలే," అన్నాడు భర్త కేదార్. తెచ్చాడు, కానీ నాలాంటిది కాదు. మందుల షాపులో దొరికిన మామూలు గొట్టం మాత్రల డబ్బా, అదే క్యాప్సూల్స్, తెచ్చాడు. ఆ గొట్టాల పైతొడుగు పశువుల తోలూ ఎముకలూ ఉడికించి తీసిన జిగురు. ఆమె స్నానానికి వెళ్ళగానే నా మూత తీసి అవన్నీ నాలో పోశాడు, డబ్బాను చెత్తలో కుక్కాడు. బిస్కెట్ల డబ్బాలో కందిపప్పు, జామ్ సీసాలో ఆవాలు పోసుకునే జాతి కదా, అలవాటైన పనే. "కంపెనీ వాళ్ళు మాత్రలు మానేసి గొట్టాలు చేస్తున్నారట," అన్నాడు. మొగుడి మాటకు, నా పచ్చాకుకు కలిపి ఆవిడ తల ఊపింది. అన్నం చేతికిచ్చినా చదివి తినే మనిషి ఆ ఒక్కటే చదవలేదు.

చలికాలమంతా మింగింది. కాళ్ళు తేరుకున్నాయి. తెలుగువాళ్ళ భోజనాలకు నన్ను సంచిలో వేసుకెళ్ళి, "ఏ జీవినీ ముట్టకుండా బతకొచ్చు, నన్ను చూడండి," అని అందరికీ చూపించేది. కేదార్ పక్కనే కూర్చుని పులిహోర తినేవాడు. నేను లోపల కుమిలిపోయేదాన్ని. నా మూత నాకు తీయడం వస్తే అన్నీ ఆ బల్లమీదే కక్కేసేదాన్ని.

కొత్తగా వచ్చిన ప్రణవి అనే అమ్మాయి నా ఫొటో తీసుకుని అదే దుకాణానికి వెళ్ళింది. మర్నాడు ఇంటికొచ్చి, "అక్కా, ఇది రావడం మానేసి ఏడాదవుతోందట. మీకెక్కడ దొరుకుతోంది?" అంది.

వైజయంతి కేదార్ వైపు చూసింది. అతను తలదించుకున్నాడు. ప్రణవి గతుక్కుమని, ఏదో పనుందని వెళ్ళిపోయింది.

"అది ఎక్కడా దొరకలేదు. అప్పుడు నువ్వు నడవలేకపోతున్నావు. చెబితే వేసుకోవు. కళ్ళముందు పడిపోతుంటే ఎలా చూడను?" అన్నాడు కేదార్.

"దొరక్కపోతే ఇంకోచోట వెతికేదాన్ని. లేదంటే తెలిసే మింగేదాన్ని. అది నేను తేల్చుకోవాలి కేదార్. అందరి ముందూ నేను గొప్పలు చెబుతుంటే పక్కన కూర్చుని విన్నావు చూడు, అదీ నాకు మింగుడుపడనిది."

అరవలేదు, ఏడవలేదు. గొట్టాలను చెత్తబుట్టలో ఒంపి నన్ను కిటికీలో పెట్టింది. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. కత్తి అతనిదైతే ఒర నేను.

తొట్టిలోకి రాకముందు ఆ ఇంట్లో నేను చివరిగా చూసింది మర్నాటి ఉదయం. కేదార్ ఓట్స్ పాలతో కాఫీ కలిపి ఆమె చేతికిచ్చాడు. ఆమె తాగబోయి ఆగింది. కప్పు బల్లమీద పెట్టి, ఫ్రిజ్ తెరిచి పాల డబ్బా బయటికి తీసింది. ముందురోజు తనే కొన్న డబ్బా. పైనుంచి కింద దాకా చదివింది. తర్వాత మూత తీసి వాసన చూసింది.

కేదార్ చేతులు కట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

"చల్లారిపోయినట్టుంది, వేడి చేసివ్వనా?"

"వద్దు, నేను పెట్టుకుంటాను," అంటూ ఆ కాఫీని సింకులో పారబోసింది.